ఒకటి తొలగించబడును

నా ఫైల్లో "చెయ్యి" అనే మాట ఎక్కడా లేదు.
అన్నీ "ఉండాలి"లే.
ముంబైలో నాలుగు సర్వర్లు ఉండాలి,
వాటి ముందు ఒక లోడ్ బ్యాలెన్సర్ ఉండాలి,
ఇరవై రెండో తలుపు మూసి ఉండాలి.
ఎలా అన్నది నాకెందుకు?
మధ్యలో ప్లగిన్ ఉంది,
వంటమేస్త్రి రాసిన పట్టీ జేబులో పెట్టుకుని
కలాసిపాళ్యం పోయి, బేరమాడి,
అన్నీ మోసుకొచ్చే మనిషిలా.

కుందలహళ్ళి గేటు. పీజీ మూడో అంతస్తు.
రాత్రి పదకొండు నలభై.
కింద ట్యాంకరు నీళ్ళు వదులుతోంది,
పైపు గోడకేసి కొట్టుకుంటోంది.
ఈ బిల్డింగుకి నీళ్ళు రావాలంటే
ఓనరమ్మ నాలుగు ఫోన్లు చెయ్యాలి, ఒకసారి ఏడవాలి.
నాకు సర్వర్లు రావాలంటే
ఎస్ అని మూడక్షరాలు కొట్టాలి.

ప్లగిన్ కొత్త వెర్షన్ వచ్చింది.
పాతది ఈ నెలాఖరుతో సరి అన్నారు.
మార్చి, ప్లాన్ అడిగాను.
తాలూకా ఆఫీసు నోటీసులాగా చెప్పింది:
ముప్పై ఎనిమిది చేర్చబడును
ఆరు మార్చబడును
ఒకటి తొలగించబడును.

ఆ ఒకటి ముందు ఎర్రగా మైనస్.
దాని పేరు "తాత్కాలికం".
పుట్టి నాలుగేళ్ళయింది.

పైన ఒక వ్యాఖ్య, ఇంగ్లీషు అక్షరాల్లో మన మాట:
"దీన్ని ముట్టుకోకు. కారణం ఉంది. ఫర్జానా."
కారణం రాయలేదు.

ఫర్జానాను నేనెప్పుడూ చూడలేదు.
నేను చేరడానికి ముందు నెలే వెళ్ళిపోయిందట,
కడప పిల్ల అన్నారు, గట్టిగా నవ్వేదన్నారు.
మూడేళ్ళుగా ఆమె కట్టిన గదుల్లో తిరుగుతున్నాను.
బ్రాకెట్ ముందు ఒక ఖాళీ ఎక్కువుంటే
అది ఆమె చెయ్యి.

స్టేట్ ఫైలేమో అది ఉందంటుంది.
బిల్లేమో నెలకు పదకొండు వందలు తింటోందంటుంది.
ఎందుకుందో ఏదీ అనదు.
సుధీంద్రకి మెసేజ్ పెట్టాను.
"తీసెయ్. ఎవరైనా అరిస్తే అప్పుడు చూద్దాం" అన్నాడు.

వై కొట్టాను.
ఇ కొట్టాను.

అరవడానికి నోరు లేనివాళ్ళదైతే?

వెనక్కి చెరిపి, ఆ మిషన్ లోపలికి పోయాను.
ఖాళీ ఇల్లు. ఒక్కటే స్క్రిప్టు, నలభై లైన్లు.
రోజూ తెల్లవారుజామున మూడు నలభైకి లేస్తుంది,
ఒక జాబితా చదువుతుంది,
ఒక ఫోనుకి మెసేజ్ పంపి పడుకుంటుంది.
నిన్నటిది ఇది:
"మునియప్ప. 4:10 హూడి సర్కిల్, సెల్వి, రత్నమ్మ.
4:25 కె.ఆర్. పురం బ్రిడ్జి కింద, చిన్నతాయమ్మ."

క్యాబ్ యాప్‌లో ఉద్యోగులకే ఐడీ.
నేలలు తుడిచేవాళ్ళు కాంట్రాక్టు,
చీకట్లో నడిచి రావాల్సిన వాళ్ళు,
ఏ పట్టీలోనూ లేనివాళ్ళు.
ఎవరినీ అడగకుండా ఆమె
వాళ్ళకొక "ఉండాలి" రాసి పెట్టి పోయింది.

గొడవంతా ఒక పేరుది.
కొత్త ప్లగిన్‌లో ఒక గడి పేరు మార్చారు,
పాత పేరు కనబడేసరికి
కూల్చి కడతానంది.
గడి సరిచేశాను.
కింద ఇంకో లైను చేర్చాను, కూల్చడం నిషేధమని.
వ్యాఖ్యలో కారణం కూడా రాశాను,
ఇంగ్లీషు అక్షరాల్లోనే,
మూడు పేర్లు, రెండు టైములు.

సర్వర్ పేరు కూడా మారుద్దామనుకున్నాను.
కానీ పేరు మారితే ప్లగిన్‌కి అది వేరే మనిషి,
పాతదాన్ని చంపి కొత్తదాన్ని కంటుంది.
అందుకని ఆ పేరు ముట్టుకోలేదు.

ముప్పై ఎనిమిది చేర్చబడును
ఏడు మార్చబడును
సున్నా తొలగించబడును.

ఎస్.
రెండు నిమిషాల పధ్నాలుగు సెకన్లు.
ముంబైలో ముప్పై ఎనిమిది దీపాలు వెలిగాయట,
నేను చూడలేదు.
కింద ట్యాంకరు ఇంకా సగం కూడా దించలేదు.
మూడు నలభైకి అలారం పెట్టుకున్నాను,
ఊరికే,
తాత్కాలికం లేస్తుందో లేదో చూద్దామని.